ఎనిమిదడుగుల దుకాణంలో టన్ను ప్రెస్సు

ముందు కొలతలు చెబుతాను. ప్రెస్సు అమ్మేవాళ్ళు మీ కొలతలు అడగరు కాబట్టి. అనంతపురం పాతూరులో మా మోటారు వైండింగ్ దుకాణం ఎనిమిదడుగుల వెడల్పు, పదకొండడుగుల లోతు. షట్టరు ఎత్తగానే ఎడమవైపు రైతులు దించి వెళ్ళిన మోటార్లు, కుడివైపు రాగి తీగ చుట్టలు, వెనక గోడకు వార్నిష్ ఆరబెట్టే పెట్టె. వీటి మధ్య మిగిలిన జాగాలో ఒక బల్ల, ఒక స్టూలు, నేను. ఇందులో, మోటార్లకు బేరింగులు, బుష్‌లు నొక్కి ఎక్కించే ఒక టన్ను చేతి ప్రెస్సు బిగించుకున్నాను. ఆర్బర్ ప్రెస్ అని అడిగితే ఇస్తారు.

ఎందుకు కొన్నానంటే, మా నాన్నకు సుత్తి, పైపు ముక్క, చెక్క దిమ్మ ఉంటే ఎంతటి బేరింగైనా ఎక్కేది. ఆయన చెయ్యి అలాంటిది. నా బరువు నలభై ఎనిమిది కిలోలు. సుత్తి పనికి కావలసింది బలం కాదు, సూటి దెబ్బ అని అనుభవజ్ఞులు చెబుతారు. ఒప్పుకుంటాను. కానీ బోరు మోటార్లలో నీళ్ళు నింపి నడిపే రకానికి కార్బన్ బుష్‌లు, అంటే షాఫ్టు ఆని తిరిగే గొట్టం ముక్కలు, ఉంటాయి. వాటికి సూటి దెబ్బ, వంకర దెబ్బ అనే తేడా లేదు, దెబ్బంటేనే పడదు. నిదానంగా, తిన్నగా, ఒకే ఒత్తిడితో కూర్చోవాలి. ఇత్తడి బుష్ అయినా ఒక పక్క ముందు దిగి ఇంకో పక్క వెనకబడితే లోపల గీతలు పడతాయి. చీనీ (బత్తాయి) తోటకు నీళ్ళు పెట్టే రైతు వేసవిలో రెండోసారి అదే మోటారు బోరులోంచి లాగించుకుని వస్తే, లాగినందుకు కూలీ, దించినందుకు కూలీ, పైన నా మీద కోపం. ఆ కోపం న్యాయమైనదే.

యంత్రం చాలా సరళం. బీడుతో పోత పోసిన మందపాటి చట్రం, అందులో పైకీ కిందికీ జారే పళ్ళ కడ్డీ, దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం, ఆ చక్రానికి కుడివైపు ఒక లివరు. కింద నాలుగు గాట్లున్న గుండ్రటి ప్లేటు. గాట్ల వెడల్పు వేరువేరు, షాఫ్టు మందాన్ని బట్టి ప్లేటు తిప్పుకోవాలి. టన్ను ఎక్కడి నుంచి వస్తుందని మా తమ్ముడు అడిగాడు. లెక్క కష్టం కాదు. నా ప్రెస్సులో లివరు పొడవు 40 సెంటీమీటర్లు, పళ్ళ చక్రం వ్యాసార్ధం ఒకటిన్నర సెంటీమీటరు. అంటే లివరు చివర నేను పెట్టిన బలం 26 రెట్లవుతుంది. 35 కిలోల బరువు వేసి వంగితే కడ్డీ కింద 900 కిలోల పైచిలుకు. రాపిడికి కొంత పోతుంది. పెట్టె మీద రాసిన టన్ను అబద్ధం కాదు కానీ దాన్ని చూడాలంటే లివరు మీద నేను దాదాపు వేలాడాలి.

బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డులో తీసుకున్నాను. జీఎస్టీతో కలిపి ఆరువేల ఎనిమిది వందలు, బస్సు లగేజీ అదనం. దుకాణం పేరు రాయను. బరువు పదిహేను కిలోలు. కింది భాగం చదును చేయకుండా, పోతలోంచి తీసినట్టే రంగు పూసి పంపారు. గచ్చు మీద పెడితే మూల మూలకూ ఊగింది. నాలుగు బోల్టు రంధ్రాల్లో ఒకటి సగం పూడిపోయి ఉంది. లివరుకు ఒకవైపు గుండు లేదు. ఫోను చేస్తే, ఈ ధరకు ఇంతే వస్తుందమ్మా అన్నారు. లోహాన్ని తిప్పి చెక్కే లేత్ మిషను నడిపే అన్న, మా లేత్ అన్న, కింది భాగాన్ని చదును చేసి, రంధ్రం తిరిగి తొలిచి, ఒక గుండు తిప్పి ఇచ్చాడు. ఆకుపచ్చ రంగు గోకితే కింద గుంటలు కనిపిస్తాయి, గోకకండి.

కానీ పని చేసే భాగాలు బాగున్నాయి. కొనేటప్పుడు రంగు కాదు చూడవలసింది, జారే కడ్డీని. దాన్ని సగం దించి చేత్తో అటూ ఇటూ కదపండి. టకటకమని ఆడితే పక్కనున్న పలక మరలు బిగించమని అడగండి. బిగించాక కూడా ఆడితే ఇంకొకటి తీయించండి. తర్వాత కింది ప్లేటు మీద మూలమట్టం నిలబెట్టి కడ్డీ దానికి తగిలీ తగలనట్టు దిగుతుందో లేదో చూడండి. వంకరగా దిగే ప్రెస్సు, వంకరగా పడే సుత్తి రెండూ ఒకటే, పైగా ప్రెస్సుకు ఆరువేలు. నాది సరిగ్గానే దిగింది. ఆ ఒక్క కారణంతో మిగతా లోపాలను క్షమించాను.

ఇక అసలు విషయం, బల్ల.

టన్ను ఒత్తిడి అనగానే టన్ను మోసే బల్ల కావాలని అందరూ అనుకుంటారు. ఒక వెల్డింగ్ దుకాణంలో నాకు రైలు పట్టా ముక్కతో బల్ల చేయమన్న సలహా కూడా వచ్చింది. అవసరం లేదు. కడ్డీ కిందికి నొక్కుతుంది, ప్లేటు పైకి నెడుతుంది, ఈ రెంటినీ బీడు చట్రమే తనలో కలిపి మోస్తుంది. ఆ టన్నులో ఒక్క కిలో కూడా బల్లకు దిగదు. బల్లకు చేరేది నా చెయ్యి లాగిన బరువు మాత్రమే. అయితే ఆ బరువు బల్ల అంచు దాటి, గాలిలో, నా వైపు ఉంటుంది. బల్ల నుజ్జవదు. ముందుకు లేస్తుంది.

దుకాణాల్లో దొరికే ఇనుప కాళ్ళ బల్ల 20 కిలోలుంటుంది అనుకుందాం, లోతు 60 సెంటీమీటర్లు. దాని బరువు కేంద్రం ముందు కాళ్ళకు 30 సెంటీమీటర్లు వెనక. బరువును దూరంతో గుణిస్తే 600, బల్లను నిలబెట్టే పట్టు అదే. ప్రెస్సు 15 కిలోలు, అంచుకు 15 సెంటీమీటర్లు వెనక, 225. మొత్తం 825. లివరు అడ్డంగా వచ్చినప్పుడు నా చెయ్యి అంచుకు 25 సెంటీమీటర్లు ముందుంటుంది. 35 కిలోలు వేస్తే 875. టన్ను మాట దేవుడెరుగు, ఆ లోపే వెనక కాళ్ళు గాలిలో ఉంటాయి. గోడకు రెండు బోల్టులు కొడితే సమస్య తీరుతుంది. మా గది అద్దెది. గోడకు మేకు కొడితేనే యజమాని గారు మెట్లు దిగి వస్తారు.

గోడ బదులు నాపరాయి వాడాను. మా నాన్న పాత బల్ల పైభాగం తాడిపత్రి బండే. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటింపావు అంగుళం మందం. దాని మీదే ప్రెస్సు బిగించవచ్చు కదా అని లేత్ అన్న అన్నాడు. రాయి నొక్కితే ఊరుకుంటుంది, లాగితే ఊరుకోదు. లివరు లాగినప్పుడు ప్రెస్సు వెనక బోల్టులు పైకి లేవబోతాయి. రాతిలో రంధ్రం ఉన్నచోటే పగులు మొదలవుతుంది. అందుకని బండను పొడవునా రెండుగా కోయించి, కొత్త బల్ల కింది అరలో, వెనక కాళ్ళను ఆనించి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. రెండూ కలిసి 45 కిలోలు దాటుతాయి. ముందు కాళ్ళకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి ఒక్క రాళ్ళ లెక్కే 2,000 పైన. ఇప్పుడు లివరుకు వేలాడినా బల్ల కిమ్మనదు. మన జిల్లాలో ఇంత చవకగా దొరికే బరువు ఇంకొకటి లేదు. కోత మిషన్ దగ్గర వృథా ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఈ ఉపాయాల్లో సగం నావి కావు. ఇరుకు చోట లివరు ప్రెస్సు ఎలా బిగించాలని వెతికితే నాకు మోటారు మెకానిక్కులు ఎవరూ కనిపించలేదు. కనిపించినవాళ్ళంతా అమెరికాలో వాడేసిన తూటాల ఇత్తడి గొట్టాలను ఇంట్లోనే మళ్ళీ నింపుకునేవాళ్ళు. అక్కడ అదొక అభిరుచి. మందుగుండు గొడవ వదిలేస్తే, వాళ్ళూ నాలాంటి చిక్కులోనే ఉన్నారు. గ్యారేజీలో ఒక మూల, అల్మారాలో ఒక అర, అద్దె ఇంట్లో ఒక చిన్న బల్ల. వాళ్ళ ప్రెస్సుల్లో కడ్డీ కిందినుంచి పైకి వస్తుంది, మనది పైనుంచి దిగుతుంది. వాళ్ళు ఎక్కువగా ఓ ఆకారంలో మూసిన చట్రాన్ని మెచ్చుకుంటారు, ఎందుకంటే మన ప్రెస్సులా ఒకవైపు తెరిచిన సీ ఆకారపు చట్రం గట్టి ఒత్తిడికి వెంట్రుకవాసి నోరు తెరుస్తుంది. తూటాకు ఆ తేడా లెక్కలోకి వస్తుందేమో, నా బుష్‌కు రాదు. కానీ లివరు, బల్ల, మనిషి, ఈ మూడింటి తగాదా ఎక్కడైనా ఒకటే.

నేను ఫోనులో వాళ్ళ వీడియో ఒకటి చూస్తుంటే మోటారు కోసం వచ్చిన నార్పల పెద్దాయన తొంగి చూసి, "ఏమమ్మా, మోటార్లు మానేసి తూటాల అంగడి పెడుతున్నావా?" అన్నాడు. సీమవాళ్ళంటే సినిమాలవాళ్ళు ఇప్పటికే సరిపడా చెప్పారు, కొత్తగా నేను చేర్చేదేమీ లేదు. ఇది చదివి ఎవరికైనా ఆ దురద పుడితే మాత్రం ఒక మాట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5కు విరుద్ధం, నేరం. నేను తీసుకున్నది బల్ల విద్య ఒక్కటే.

ఆ విద్యలో నాకు బాగా పనికొచ్చినవి చెబుతాను. ప్రెస్సును బల్ల మధ్యలో కాదు, కాలు మీద బిగించాలి. మధ్యలో బిగిస్తే లాగిన ప్రతిసారీ పలక వంగి లేస్తుంది, ఆ వంపులో మీ శ్రమ కొంత కరిగిపోతుంది, బేరింగు దిగిందో బల్ల దిగిందో చేతికి తెలియదు. నాది ముందు కుడి మూలన, కాలికి ఆనుకుని ఉంది. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పలకలు జిగురుతో అతికించి వేయించాను. బోల్టుల కింద ఉత్త వాషర్లు వేయలేదు, అవి చెక్కలోకి కూరుకుపోతాయి. అడుగున ఆరు మిల్లీమీటర్ల ఇనుప పట్టీ, నాలుగు బోల్టులకూ కలిపి ఒకటే. ఇది కంటికి కనపడని ఖర్చు, అందుకే చాలామంది వదిలేస్తారు.

మూలన పెట్టడంలో ఇంకో లాభం ఉంది. లివరు కుడివైపు ఉంటుంది కాబట్టి అది బల్ల పక్కనే, బయట, ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. వేళ్ళు పలకకు తగలవు. అయితే ఈ లివరు బిగించిన కడ్డీ కాదు, రంధ్రంలో ముందుకూ వెనక్కూ జారుతుంది. ముందు పొట్టిగా పెట్టుకుంటే వెనక పొడుగవుతుంది, వెనక తోక గోడకు కొట్టుకుంటుంది. మా యజమాని గారి సున్నం మీద ఒక చందమామ పడ్డాక బల్లను గోడకు జానెడు దూరం జరిపాను. ఎనిమిదడుగుల గదిలో జానెడు అంటే తక్కువేమీ కాదు, ఆ సందులో ఇప్పుడు ఇన్సులేషన్ కాగితం చుట్టలు నిలబెడుతున్నాను.

ఎత్తు గురించి ఎవరూ చెప్పరు, ఆడవాళ్ళకైతే అసలే చెప్పరు. నిలబడి పనిచేసే బల్లలు 34 అంగుళాలు చేస్తారు. దాని మీద లివరు ఇరుసు ఒక అడుగు ఎత్తున ఉంటుంది, లివరు నిలబెడితే ఇంకో 16 అంగుళాలు. మొత్తం 62. నేను ఐదడుగులు. తలకు పైనున్న దాన్ని లాగడానికి చేతుల బలం తప్ప ఒంటి బరువు సాయం రాదు. 28 అంగుళాలకు చేయించాను. లివరు ఏటవాలుగా ఉన్నప్పుడు పిడి నా భుజం ఎత్తుకు వస్తుంది, అక్కడి నుంచి ఒంటిని వదిలేస్తే చాలు. స్టూలు మీద కూర్చుని కాయిల్ చుట్టుకోవడానికీ అదే ఎత్తు కుదిరింది. పొడుగు మగవాళ్ళు వచ్చి, బల్ల పొట్టిదైంది అక్కా అంటుంటారు. ఇది వాళ్ళ బల్ల కాదు.

పెద్ద చిక్కు మోనోబ్లాక్ రోటార్లతో వచ్చింది. మోటారు, పంపు ఒకే షాఫ్టు మీద ఉంటే మోనోబ్లాక్, మోటారు లోపల తిరిగే భాగం రోటార్. ప్లేటుకూ కడ్డీకీ మధ్య నాకు దొరికే ఖాళీ ఐదంగుళాల లోపే. ఫ్యాను పనికి సరే, పంపు షాఫ్టు అందులో ఎక్కడ పడుతుంది? చిన్న ప్రెస్సు పనికిరాదని చాలామంది ఇక్కడే తేల్చేస్తారు. చూస్తే, ప్రెస్సు పాదానికి ముందువైపు చీలిక వదిలిపెట్టి ఉంటుంది, ఊరికే కాదు. దాని కింద బల్లకు మూడంగుళాల రంధ్రం కొట్టించాను. షాఫ్టు పొడవాటి కొస ఆ రంధ్రంలోంచి కిందికి దిగిపోతుంది, బేరింగు ప్లేటు గాటు మీద ఆగుతుంది, పైనుంచి కడ్డీ షాఫ్టును నెడుతుంది. రోటార్ లావు చట్రంలో పట్టినంతవరకు పొడవుతో పేచీ లేదు. కింది అరలో రాళ్ళను వెనక్కి పేర్చడానికి ఇది రెండో కారణం, ముందు ఖాళీ లేకపోతే షాఫ్టు రాతికి తగులుతుంది. కింద పాత గోనెసంచి ఒకటి పరచండి. బేరింగు వదిలిన క్షణంలో రోటార్ చెప్పకుండా పడుతుంది.

జాగా విషయంలో నాకు నిజంగా కలిసొచ్చింది పలక పద్ధతి. ప్రెస్సును సరాసరి బల్లకు బిగించకుండా పది మిల్లీమీటర్ల ఇనుప పలకకు బిగించాను. పలకకు నాలుగు రంధ్రాలు, బల్ల అడుగున పట్టీకి అవే కొలతల్లో వెల్డింగ్ చేసిన నట్లు. బెంచ్ వైస్‌కూ ఇలాంటి పలకే, చేత్తో తిప్పే కాయిల్ మెషీన్‌కూ ఇలాంటి పలకే. మూడు పనిముట్లు, ఒకే మూల, నాలుగు బోల్టులు. పొద్దున కాయిల్స్, మధ్యాహ్నం ఫిట్టింగ్ అని పని సర్దుకుంటే రోజుకు ఒకసారి మార్చుకోవడం సరిపోతుంది. పదిహేను కిలోల బీడుకు పలక బరువు కూడా కలిస్తే ఎత్తడం హాయేమీ కాదు, కింది అరలోంచి కాకుండా పక్కనే అదే ఎత్తులో ఒక పీట వేసుకుని జరుపుకుంటాను. రంధ్రాలు మూడు పలకలకూ కలిపి ఒకేసారి తొలిపించండి. విడివిడిగా చేయిస్తే ఒకటి తప్పకుండా కలవదు.

పనితనం సంగతి. సీలింగు ఫ్యాన్లలో తరచుగా వచ్చే 6202 బేరింగు లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, బయటిది 35. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగును నెట్టాలి, గూటిలోకి దించేటప్పుడు బయటి రింగును. తిరగేసి చేస్తే ఒత్తిడంతా గుండ్ల మీదుగా పోయి దారిలో గుంటలు పడతాయి, ఫ్యాను కొత్త బేరింగుతోనే గురగురమంటుంది. సుత్తితో ఈ నియమం పాటించడం కష్టం, ప్రెస్సుతో తేలిక, సరైన గొట్టం ముక్క ఉంటే చాలు. అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు లోపలి ఖాళీ 16 మిల్లీమీటర్ల చుట్టూ, బయట 21 పైన ఉంటుంది, 6202 లోపలి రింగుకు దాదాపు కొలిచి చేసినట్టే. చివరలు లేత్ మీద చదును చేయించండి, రంపంతో కోసింది వంకరగా నెడుతుంది. 6203 బేరింగుకు ముప్పావు అంగుళం పైపు పెట్టకండి, అది రింగు దాటి కవరు మీదికి వస్తుంది. మిగతా నంబర్లకు లేత్ అన్న తిప్పించిన ముక్కలు ఒక తీగకు గుచ్చి, నంబరు చెక్కి, ప్రెస్సు పక్కనే వేలాడదీశాను. అవి లేకపోతే ప్రెస్సు ఉండీ ఏం లాభం లేదు.

కార్బన్ బుష్‌ల విషయంలో నాకు ఫిర్యాదే లేదు. కూర్చునేటప్పుడు లివరులో ఒక నిండుదనం తెలుస్తుంది, కూర్చున్నాక గోడను నెట్టినట్టు ఆగిపోతుంది. సుత్తిలో ఈ కబురు చెవికి అందాలి, ఇక్కడ అరచేతికే అందుతుంది.

దీని వల్ల కానిదీ చెప్పాలి. మన ఉప్పునీళ్ళలో ఏళ్ళు నానిన వాషింగ్ మెషీన్ బేరింగు తుప్పుతో ఒకటైపోయి ఉంటుంది. దానికి టన్ను చాలదు. లేత్ అన్న దగ్గర జాకీతో నడిచే పది టన్నుల ప్రెస్సు ఉంది, నేలంతా అదే ఆక్రమించింది, అక్కడికి పంపి యాభై రూపాయలిస్తాను. లివరుకు పైపు తొడిగి పొడుగు చేసి లాగుదామని కుర్రాళ్ళు ఉత్సాహపడతారు. రెట్టింపు పొడవుకు రెట్టింపు బలం, చట్రానికి అంత తాహతు లేదు. పళ్ళు రాలతాయి, లేదా బీడు పగులుతుంది. బీడు వంగి హెచ్చరించదు. బేరింగు ఉక్కు కూడా అంతే, చిట్లితే పెంకులు ఎగురుతాయి, కళ్ళద్దాలు పెట్టుకోండి. నేను గ్రైండింగ్ కోసం కొన్న వాటినే ఇక్కడా పెట్టుకుంటున్నాను.

బల్ల, పలకలు, లేత్ కూలీ కలిపి నాలుగువేలు దాటాయి. అంటే యంత్రం ధరలో సగానికి పైగా దాని కింద పెట్టాను. ఈ లెక్క తెలియక ప్రెస్సు ఒక్కటి కొని, ఆ ఊగే బల్లను తిట్టాలో ప్రెస్సును తిట్టాలో తెలియక మూలన పడేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నెలకు నాలుగైదు ఫ్యాన్లు మాత్రమే చేసేవాళ్ళకు ఇది దండగ, పెద్ద వైస్‌లో పైపు ముక్కతో నొక్కుకుంటే సరిపోతుంది. బోరు మోటార్లు, మోనోబ్లాకులు రోజూ దిగే దుకాణానికైతే తీసుకోమనే చెబుతాను, కింద చదును చేయించుకునే ఓపిక ఉంటే.

రెండు టన్నులది తీసుకోనా అని కదిరి నుంచి ఒక తమ్ముడు రెండుసార్లు ఫోను చేశాడు. బరువు బాగా పెరుగుతుంది, లివరు పొడుగవుతుంది, పలక పద్ధతిలో రోజూ ఎత్తి దించడం కుదరదు, ఒకచోట పాతుకుపోతుంది. ముందు నీ గది వెడల్పు, గోడ ఎవరిదో చెప్పు తమ్ముడూ, తర్వాత టన్నుల సంగతి మాట్లాడుకుందాం.